కన్ను మెరవని జంతువు: నల్లమల చుట్టూ బండి మీద ఆరు రోజులు

డిసెంబర్ 12, గురువారం. హైదరాబాద్ – శ్రీశైలం

2022 నవంబర్‌లో గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్తుంటే దిగువమెట్ట దాటాక ఘాట్‌లో, సాయంత్రం ఆరుంబావుకి, నా బండికి అడవిపంది అడ్డం వచ్చింది. కాలర్ బోన్ విరిగింది. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. కానీ పొద్దుగూకేవేళ బండి ఎక్కితే ఎడమ చెయ్యి వణకడం రెండేళ్ళయినా పోలేదు. 2024 డిసెంబర్‌లో అదే రోడ్డు మీద మళ్ళీ వెళ్ళాలనిపించింది. ఈసారి పగలు, తొందర లేకుండా, ఆ చోటు దగ్గర కాసేపు ఆగి.

ఒంటరిగా పోతానంటే అమ్మ ఒప్పుకోలేదు. మార్కాపురంలో ఉండే మా బాబాయ్‌కి ఫోన్ చేసి, "వాడి వెంట నువ్వుంటేనే పంపిస్తా" అంది. బాబాయ్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళ కిందటి బుల్లెట్ ఒకటి ఉంది ఆయనకి. దోర్నాలలో కలుస్తానన్నాడు.

మామూలుగా దూరం పోయేవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరతారు, ట్రాఫిక్ ఉండదని. నేనూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు ఏడు దాటాకే స్టార్ట్ చేశాను. రాత్రంతా పొలాల్లో తిన్న పందులు అడవిలోకి తిరిగి వెళ్ళేది ఆ తెల్లవారుజామునే. మంచు ఒకవైపు, అవి ఇంకోవైపు. ఆ గంట వాటికి వదిలేస్తేనే మంచిది.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి వైపు రోడ్డంతా పత్తి లారీలే. డిండి దగ్గర చేపల వేపుడు కోసం ఆగాను. రిజర్వాయర్ పక్కన రేకుల షెడ్డు కింద ఒకామె పెద్ద మూకుడులో ముక్కలు వేయిస్తోంది. ప్లేటు 150 రూపాయలు. ముక్కకి పట్టించిన కారంలో ధనియాలు బరకగా నలిగి, పళ్ళ కింద తగులుతున్నాయి. తిని చెయ్యి కడుక్కుంటుంటే, "శ్రీశైలమా? చీకటి పడకముందే ఎక్కెయ్ బిడ్డా" అంది. నేనేమీ అడగలేదు. నా మోకాళ్ళ ప్యాడ్లు, జాకెట్టు చూసి ఆమే అంది.

మన్ననూర్ చెక్‌పోస్టులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గేటు దగ్గర ఒక ఫారెస్టు వాచర్ కుర్చీ ఎండలోకి లాక్కుని కూర్చున్నాడు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ బోర్డు ముందు ఫోటోలు దిగుతున్న కుర్రాళ్ళు పులి కనిపిస్తుందా అని ఆయన్ని అడుగుతున్నారు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు: "అందరూ పులి సంగతే అడుగుతారు సార్. ఈ రోడ్డు మీద మనిషిని కింద పడేసేది పులి కాదు. పంది, కోతి, కుక్క."

ఆ మాట ఎంత నిజమో వటవర్లపల్లి వైపు పోతుంటేనే తెలిసింది. కార్లు ఆపుకుని కోతులకు అరటిపళ్ళు, బిస్కట్లు వేస్తున్నారు. ఒక కుటుంబం పులిహోర తిని, మిగిలింది విస్తరితో సహా రోడ్డు అంచున పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళ దృష్టిలో అది పుణ్యం. పగలు దాన్ని కోతులు తింటాయి, మిగిలినదాని వాసనకి చీకటి పడ్డాక పందులు వస్తాయి. ఒకసారి అన్నం దొరికిన చోటికి మర్నాడూ వస్తాయి. రోడ్డు అంచున వంచిన ఆ పులిహోర రేపు ఇంకెవరి బండి ముందో పంది అయి నిలబడుతుంది. నేను బండి ఆపి ఆ విస్తరి ఎత్తి కవర్‌లో వేసుకున్నాను. సున్నిపెంట దాకా అది నా సైడ్ బ్యాగ్‌కి వేలాడుతూనే ఉంది.

దోమలపెంట దాటి కిందికి దిగితే కృష్ణ కనిపిస్తుంది. డ్యామ్ గేట్లు మూసే ఉన్నాయి, నీళ్ళు నల్లగా, నిశ్చలంగా. నాలుగింటికి శ్రీశైలంలో సత్రం గదిలో ఉన్నాను. అద్దె 700. రాత్రి అన్నదానంలో కదంబం, సాంబారు, మజ్జిగ. పక్కన కూర్చున్న పెద్దాయన కర్ణాటక నుంచి కాలినడకన వచ్చారట. నేను బండి మీద వచ్చానంటే జాలిగా చూశారు.

డిసెంబర్ 13, శుక్రవారం. దోర్నాల – కంభం – గిద్దలూరు

ఎనిమిదికి బయలుదేరి దోర్నాల ఘాట్ పట్టాను. ఇది నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం. మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. తుమ్మలబయలు దగ్గర నీళ్ళ కోసం ఆగితే ఒక చెంచు పెద్దాయన రోడ్డు పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కన నేల గుంటకతో దున్నినట్టు తిరగబడి ఉంది.

"ఇక్కడ కూడా సేద్యం చేస్తారా?" అని అడిగాను.

నవ్వాడు. "పందులు సామీ. గడ్డల కోసం ముట్టెతో తవ్వినాయి. చెయ్యి పెట్టి చూడు."

మట్టి ఇంకా తడిగా ఉంది. తెల్లవారుజామున తవ్వినదట. ఆయన లేచి నాలుగడుగులు నడిచి, రోడ్డుకి రెండు పక్కలా పొదల్లో సన్నటి సందు చూపించాడు. మోకాలెత్తు కూడా లేదు. అది వాటి దారి. తరిమినవాడు లేకపోతే పంది దారి మార్చదు, పొద్దున దాటిన చోటే సాయంత్రమూ దాటుతుంది అన్నాడు. పదేళ్ళుగా వేల కిలోమీటర్లు తిరిగాను, రోడ్డు పక్క మట్టిని చదవొచ్చని నాకెవరూ చెప్పలేదు. తర్వాత దారి పొడుగునా నా కళ్ళు ఆ సందుల కోసమే వెతికాయి. దోర్నాల చేరేలోపు పద్నాలుగు లెక్కపెట్టాను.

దోర్నాల సెంటర్‌లో బాబాయ్ బుల్లెట్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మెడకి మఫ్లర్, నెత్తిన పాత హెల్మెట్.

"ఏరా అబ్బాయ్, చెయ్యి ఎట్టుంది?"

"బాగానే ఉంది బాబాయ్. నువ్వు టిఫిన్ చేశావా?"

"నీకోసమే ఆగా. పా, పుణుగులు వేడిగా ఉన్నయ్."

పుణుగులు, అల్లం పచ్చడి, రెండు టీలు కలిపి 90 రూపాయలు. అక్కడే పెట్రోలు పోయించుకున్నాం. అప్పుడు తెలంగాణలో లీటరు 107 చిల్లర ఉండేది, ఇటు వస్తే ఇంకో రెండు రూపాయలు ఎక్కువే. దోర్నాల నుంచి మార్కాపురం దాకా రెండు వైపులా మిరప తోటలు, పత్తి. చాలా చేలకి చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, జరీ అంచువి కూడా. దూరం నుంచి చూస్తే ఊరంతా బట్టలు ఆరేసుకున్నట్టుంది. పందుల కోసమే. గాలికి చీర ఊగితే మనిషి ఉన్నాడనుకుంటాయి. కొన్నాళ్ళకి అలవాటు పడతాయి, అప్పుడు రైతు ఇంకేదో వెతుక్కోవాలి.

కంభం చెరువు దగ్గర మాత్రం గంటన్నర కూర్చున్నాం. అది చెరువా సముద్రమా అనిపిస్తుంది. విజయనగర రాజుల కాలంలో, రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి కట్టారు. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్పుకుంటారు. కట్ట మీద గాలికి మా మాటలు మాకే వినపడలేదు. బాబాయ్ చాలాసేపు నీళ్ళ వంక చూసి, "మా ఉద్యోగంలో ఒక స్తంభం పదేళ్ళు నిలబడితే గొప్పరా" అన్నాడు.

నాలుగున్నరకి గిద్దలూరు. సన్నగా తుంపర పడుతోంది. బాబాయ్ బండి దిగలేదు. "ఇంకా పొద్దుందిగా. గంటన్నర పోతే నంద్యాల. ఈ లాడ్జిలో దోమలు తప్ప ఏముంది?" నేను వద్దన్నాను. మా ఇంట్లో బాబాయ్ మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు. అందుకే చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది. "బాబాయ్, అప్పుడు కూడా ఇదే టైముకి, ఇలాగే అనుకుని బయలుదేరాను." ఆయన ఇంకేమీ అనలేదు. స్టాండు వేసి దిగాడు. గది 800. రాత్రి జొన్నరొట్టె, నాటుకోడి పులుసు.

డిసెంబర్ 14, శనివారం. దిగువమెట్ట – మహానంది – అహోబిలం

తొమ్మిదికి దిగువమెట్ట. ఆ రోజు నన్ను లేపి కూర్చోబెట్టిన లారీ డ్రైవర్ పేరు నాకు తెలియదు. అతను నన్ను దించిన టీ కొట్టు మాత్రం గుర్తుంది. నీలం రంగు తలుపు, పక్కన వేపచెట్టు. తలుపు ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది. కానీ ఆమే.

"అక్కా, రెండేళ్ళ కిందట రాత్రిపూట ఒకతన్ని లారీలోంచి దించారు, చెయ్యి కట్టుకుని..."

ఆమె టీ వడపోస్తూ ఆగి నా మొహం చూసింది. "పంది గుద్దిన పిల్లోడా నువ్వు? బతికినావా నాయనా!" స్టవ్ ఆర్పి వచ్చి భుజం తడిమింది, ఎక్కడ విరిగిందో వెతుకుతున్నట్టు. ఆ రాత్రి తన చీర చించి నా చేతికి ఉట్టిలా కట్టింది ఈమే. 108 వచ్చేదాకా పక్కన కూర్చుని, నిద్రపోతే ప్రమాదమని నాతో ఊళ్ళో ఎవరి పెళ్ళో చెబుతూనే ఉంది. నేను హైదరాబాద్ నుంచి ఒక చీర తెచ్చాను. తీసుకోవడానికి ఒప్పుకోలేదు. బాబాయ్ రెండు చేతులతో పట్టుకుని, "ఆడపడుచుకి పెడుతున్నాడనుకో అమ్మా" అంటే అప్పుడు తీసుకుంది. టీకి డబ్బులు మాత్రం తీసుకోలేదు.

ఆ మలుపు అక్కణ్ణుంచి కాస్త ముందుకి. పగటిపూట చూస్తే ఏమీ లేదు. తారు రోడ్డు, ఎడమవైపు చిన్న కల్వర్టు, దాని కింద ఎండిన వాగు. వాగు అంచున మళ్ళీ అదే మోకాలెత్తు సందు. తుమ్మలబయలు పెద్దాయన చూపించకపోతే ఇప్పుడు కూడా నాకు కనపడేది కాదు.

అక్కడ నిలబడి బాబాయ్‌కి మొదటిసారి పూర్తిగా చెప్పాను. నేను అరవైలో ఉన్నాను. ఎడమవైపు నుంచి ఒక పంది దాటింది. బ్రేక్ వేశాను, అది పోయింది. అమ్మయ్య అనుకుని మళ్ళీ రేజ్ ఇచ్చాను. దాని వెనకే రెండోది, మూడోది. మూడోది నా ముందు చక్రానికి తగిలింది. నా తప్పు వేగం ఒక్కటే కాదు. ఒకటి దాటితే అయిపోయిందనుకోవడం. ఆడపందులు, పిల్లలు మందగా, వరుసలో నడుస్తాయి. మొదటిది దాటినప్పుడు చూడాల్సింది అది పోయిన వైపు కాదు, వచ్చిన వైపు.

ఇంకొకటి తర్వాత తెలిసింది, మా ఊరి పశువుల డాక్టరు చెబితే. దుప్పి, పిల్లి, కుక్క లాంటి వాటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. హెడ్‌లైటు పడితే రెండు దీపాల్లా మెరుస్తాయి, దూరం నుంచే పట్టేయొచ్చు. పందికి ఆ పొర లేదు. దాని కన్ను మెరవదు. ఒళ్ళు నలుపు, రోడ్డు నలుపు, ఎత్తు మన మోకాలికి కాస్త పైన. నేను అన్నాళ్ళూ చీకట్లో మెరిసే కళ్ళ కోసమే చూస్తూ బండి నడిపాను. అరవైలో పోతే బండి సెకనుకి పదిహేడు మీటర్లు పోతుంది. లో బీమ్‌లో కనిపించేది ముప్పై నలభై మీటర్లు. ఆ నల్లటిది ఏమిటో బుర్రకి అందేలోపే సగం దూరం అయిపోతుంది. బ్రేకుల్లో ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుంది గానీ, ఆలస్యంగా చూసిన కంటికి అదేం చేస్తుంది?

బాబాయ్ అంతా విని, కల్వర్టు మీద నుంచి ఒక రాయి తీసి పక్కకి పెట్టాడు. "చచ్చిందా అది?" అని అడిగాడు. చచ్చిపోయింది. చాలాసేపు అరిచింది. ఆ అరుపు గురించి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నంద్యాలలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జి, ప్లేటు 50. బొరుగులు మెత్తబడి కూడా ముద్ద కాకుండా విడివిడిగా ఉన్నాయి, పైన పుట్నాల పొడి. అక్కణ్ణుంచి అరటితోటల మధ్య మహానంది. కోనేట్లో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడ్డ రూపాయి బిళ్ళ మీద అంకె కనిపించింది.

నాలుగున్నర కల్లా అహోబిలంలో ఉండాలని లెక్క వేసుకున్నాం. మహానంది బయట బాబాయ్ వెనక టైరు పంక్చరైంది. ట్యూబు టైరు కదా, చక్రం ఊడదీయాలి. పంక్చర్ షాపు కుర్రాడు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి మూడున్నర. పని అయ్యేసరికి నాలుగున్నర. 150 తీసుకున్నాడు. అప్పుడే అక్కడే ఆగిపోవాల్సింది. అహోబిలంలో ఆదివారం రద్దీ, పొద్దున్నే గుడి చూడాలని ఆశపడ్డాం. గాజులపల్లె, శిరివెళ్ల మీదుగా రుద్రవరం చేరేసరికి ఐదూ నలభై. సూర్యుడు దిగిపోయాడు. మబ్బులు విడిపోయి, తూర్పున నల్లమల మీద చంద్రుడు అప్పటికే పైకొచ్చి ఉన్నాడు, పున్నమికి ఒక్క రోజే తక్కువ.

ఊరు దాటాక ఫోన్‌లో మ్యాప్ చూపించిన అడ్డదారిలోకి తిప్పాను. పది నిమిషాల్లో తారు పోయి మట్టి బాట, తర్వాత కాలవ గట్టు. తప్పు దారి అని అర్థమైంది. బండి తిప్పుతుంటే చేలోంచి ఒక కేక.

"ఓ సామీ! ఆడనే నిలబడండి! ముందరికి రావాకండి, పందులు దిగుతాండాయి!"

ఇద్దరం ఆగిపోయాం. "ఆ లైటు ఆర్పప్పా!" అని ఇంకో కేక. బాబాయ్ పాత బుల్లెట్‌కి స్విచ్ ఉంది, ఆర్పేశాడు. 2017 తర్వాత వచ్చిన బండ్లకి హెడ్‌లైటు ఆర్పే స్విచ్ ఉండదు. తాళం తిప్పి ఇంజన్ మొత్తం ఆపేశాను. చెవుల్లో నిశ్శబ్దం గుయ్యిమంది.

ముందు వాసన వచ్చింది, పుల్లటి బురద వాసన. తర్వాత ఎండుటాకుల చప్పుడు. మాకు ఇరవై అడుగుల ముందు ఒక పెద్ద ఆడపంది బాట మీదికి వచ్చి ఆగింది. వెన్నెల్లో వీపు మీద జూలు నిక్కబొడుచుకుని కనిపించింది. ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. నా ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద వణకడం మొదలైంది. బాబాయ్ ఏమీ అనకుండా తన చెయ్యి తెచ్చి దాని మీద పెట్టాడు. పంది దాటింది. దాని వెనక ఒకదాన్నొకటి తాకుతూ నాలుగు. తర్వాత పిల్లలు, ఒంటి మీద లేత చారలతో, తల్లి అడుగులోనే అడుగేస్తూ పరుగు. నేను తొమ్మిది లెక్కపెట్టాను, బాబాయ్ పదకొండు అంటాడు. చివరి పిల్ల బాట మధ్యలో ఆగి, మా వైపు తిరిగి, చిన్నగా గుర్రుమని పరిగెత్తింది.

నిమిషం గడిచింది. బాబాయ్ కిక్ మీద కాలు పెట్టాడు. "ఇంకొగటి ఉంది, ఉండుపో" అంది చేలోంచి గొంతు. నిజమే. అన్నీ పోయాక వచ్చింది మగపంది. పిల్లల్లా పరుగెత్తలేదు, నడిచింది. కోరలు తెల్లగా బయటికి ఉన్నాయి. దాని కన్ను మా వైపే ఉందో లేదో చెప్పలేను, అక్కడ వెన్నెల తప్ప వెలుగేమీ లేదు.

రైతు మంచె దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, దుప్పటి కప్పుకుని, చేతిలో టార్చి. మూడెకరాల్లో శెనక్కాయ విత్తాడట. విత్తిన రెండో రాత్రే సాళ్ళెంబడి తవ్వుకుంటూ పోయి విత్తనం ఏరుకు తిన్నాయి. మళ్ళీ కొని విత్తాడు. మంగలిషాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాడు. కోడిగుడ్ల నీళ్ళు పిచికారీ చేశాడు. కుక్కల అరుపులు రికార్డు చేసిన మైకు కట్టాడు. వారం పనిచేసింది, తర్వాత మైకు కిందే తవ్వాయట. ఇప్పుడు నెల నుంచి మంచె మీదే. ఎప్పుడు పడుకుంటావన్నా అంటే, "పొద్దన్నే తొమ్మిదికి పండుకుంటా, పన్నెండుకు లేస్తా" అన్నాడు. రోజుకి మూడు గంటలు. రోడ్డు మీద పందులు మా ప్రాణానికి అడ్డమని నేను రెండేళ్ళు బాధపడ్డాను. ఈయన ఆ పందులతోనే నెల నుంచి కాపురం చేస్తున్నాడు.

బండి వెనక్కి తిప్పుతుంటే బాబాయ్ గొంతు మారిపోయింది. "అబ్బాయ్, కదలొద్దు. కాలు కింద పెట్టొద్దు." టార్చి అడిగి తీసుకుని పక్క చేను గట్టు మీద వేశాడు. అడుగు ఎత్తున కర్ర ముక్కలు, వాటికి చుట్టిన సన్నటి ఇనప తీగ. నా బండి స్టాండుకి రెండు గజాలు. తీగ వెంబడి టార్చి పోనిస్తే దూరంగా కరెంటు స్తంభం.

రైతు తల అడ్డంగా ఊపాడు. "నాది కాదు పెద్దాయనా. రాత్రి తొమ్మిదికి కొండి తగిలిస్తారు. చెప్పినా ఇనరు."

తీగలో ఇంకా కరెంటు లేదు. అయినా బాబాయ్ నన్ను బండి మీద నుంచి దిగనివ్వకుండా తనే వెనక్కి లాగాడు. తర్వాత ఆయనతో మెల్లగా మాట్లాడాడు. సోలార్ కంచె కొడితే జంతువు జడుసుకుని పోతుంది, మనిషి చావడు. ఇలా లైను మీద కొండి వేస్తే అది జంతువని, మనిషని చూడదు. ఉద్యోగంలో ఉండగా ఒక వేకువన పిలిస్తే వెళ్ళాడట. కాలవకి నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషి, తన అన్న పెట్టిన తీగ మీదే పడి ఉన్నాడు. ఫ్యూజు తీసి, శవాన్ని విడిపించింది బాబాయే. "ఆ అన్న మొహం ఇప్పటికీ నాకు నిద్రలో కనపడుద్దయ్యా. పక్క చేనాయనకి ఈ మాట నా పేరుతో చెప్పు." రైతు సరేనన్నాడు. చెప్పాడో లేదో.

ఆయనే తన బండి తీసి మమ్మల్ని తారు రోడ్డు దాకా దించాడు. డబ్బులు ఇవ్వబోతే కోపం వచ్చింది. ఒక మాట చెప్పాడు: "బస్సు వస్తాది, దాని ఎనక నిదానంగా పోండి. ఏదున్నా ముందు దానికే అడ్డమొస్తాది." ఇరవై నిమిషాలు ఆగితే ఆర్టీసీ బస్సు వచ్చింది. దాని లైట్ల వెలుతురులో, బ్రేక్ వేస్తే ఆగేంత దూరం వదిలి, ముప్పై ఐదు దాటకుండా నడిపాం. బండి రోడ్డు మధ్య గీత దగ్గరే ఉంచాను, పొదలకి దూరంగా. అహోబిలం చేరేసరికి ఎనిమిదింబావు.

డిసెంబర్ 15, ఆదివారం. అహోబిలం

దిగువ అహోబిలం నుంచి ఎగువకి బండి మీద, అక్కణ్ణుంచి నడక. తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఒక్క రోజులో కావు, బాబాయ్ మోకాళ్ళకి అసలు కావు. నేను ముందే ఒకటి ఎంచుకున్నాను: వరాహ నరసింహస్వామి, క్రోడ నరసింహుడని కూడా అంటారు. ఎగువ గుడి నుంచి భవనాశిని వాగు వెంబడి కిలోమీటరు దాకా రాళ్ళ మీద నడవాలి. నీళ్ళు చల్లగా పాదాలు కొరికేస్తున్నాయి.

కొండ అంచున చిన్న గుడి. వరాహ ముఖం, భూదేవితో స్వామి. నేను పెద్ద భక్తుణ్ణి కాను. కానీ రాత్రి చూసిన ఆ ముట్టె, గాలి పీల్చిన తీరు, పిల్లల చారలు కళ్ళ ముందున్నాయి. ఆ మలుపులో అరిచిన దాని కోసం దణ్ణం పెట్టుకున్నాను. పూజారిగారికి కథంతా చెప్పలేదు, హారతి కళ్ళకద్దుకుని వచ్చేశాను.

కింద ఒక చెంచు కుర్రాడు ఉసిరికాయలు అమ్ముతున్నాడు, దోసెడు 20 రూపాయలు. నరసింహస్వామి తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు, చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి. సంక్రాంతికి పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తి పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు, నలభై రోజుల పాటు. అప్పుడు మళ్ళీ రమ్మన్నాడు. "బండి మీద రావొద్దు, పల్లకీ ఎనక నడిచి రా" అన్నాడు.

డిసెంబర్ 16, సోమవారం. ఆళ్లగడ్డ – నంద్యాల

ఆళ్లగడ్డలో శిల్పుల వీధి. రోడ్డు పక్కనే నల్లరాయి పొడి, ఉలి చప్పుడు, సగం మొహం తేలిన దేవుళ్ళు. ఒక శిల్పి కూర్మాన్ని చెక్కుతున్నాడు. దశావతారాలు వరుసగా చేస్తున్నాడట, తర్వాతది వరాహం. కోరలే కష్టమన్నాడు, పలుచగా చెక్కితే రవాణాలో విరుగుతాయని.

నంద్యాలలో భోజనం చేసి, బాబాయ్ బ్యాటరీ వైరు కొనుక్కుని, టీ తాగేసరికి నాలుగు. నేను కర్నూలు వైపు హైవే పట్టాలి, ఆయన ఘాట్ మీదుగా గిద్దలూరు, మార్కాపురం. హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

"బాబాయ్, వద్దు. ఈ పూట ఇక్కడే ఉందాం."

"నాకేమవుద్దిరా? నలభై ఏళ్ళ నుంచి ఈ ఘాట్‌లో తిరుగుతున్నా."

"నీకు ఆ కల్వర్టు చూపించాను కదా."

హ్యాండిల్ మీద చెయ్యి అలాగే ఉంది. రోడ్డు వంక చూశాడు. పడమట ఎండ పలచబడుతోంది. తర్వాత హెల్మెట్ తీసి నా చేతికిచ్చాడు. "మీ పిన్నికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను చెబితే నమ్మదు." ఇద్దరికీ కలిపి గది 900. రాత్రి బాబాయ్ గురకకి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

డిసెంబర్ 17, మంగళవారం. ఇంటికి

ఇద్దరం ఏడున్నరకి లాడ్జి ముందే విడిపోయాం. నేను కర్నూలు దాటి టోల్ గేటు పక్కన ఆగినప్పుడు ఫోన్ మోగింది. బాబాయ్. వెనక గ్లాసుల చప్పుడు.

"అబ్బాయ్, దిగువమెట్టలో టీ తాగుతున్నా. ఎండ బాగా వచ్చింది. ఇదిగో, అక్క మాట్లాడుతుందట."

ఫోన్ చేతులు మారింది. "ఏం నాయనా, ఇల్లు చేరినావా?"

"ఇంకా లేదక్కా. దార్లో ఉన్నా."

"సరే, నిదానంగా పో. నీ చీర కట్టుకున్నాలే."